గంగలో పడవ ఎక్కే ముందు నిజం రాయండి

ఇటీవల ఒక మిత్రుడు నా వద్దకు వచ్చి, "డాక్టరు గారూ, రాఫ్టింగ్ ఫారంలో బీపీ, షుగరు లేవని రాస్తే తప్పా?" అని అడిగారు. ఆయన వయస్సు 62. దేవప్రయాగ నుండి ఋషీకేశ్ వరకు గాలి పడవలో మూడు రోజుల ప్రయాణం, రాత్రులు గంగ ఒడ్డున గుడారాలలో బస. నిజం రాస్తే తీసుకువెళ్ళరేమోనని ఆయన భయం.

తప్పేనన్నాను. గంగలోనిది మంచు కరిగి వచ్చే నీరు. అందులో హఠాత్తుగా పడితే ఊపిరి ఎగపోస్తుంది. గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతాయి. గుండె జబ్బున్న వారికి ఆ తొలి నిమిషాలే గండం. ఇన్సులిన్ తీసుకునేవారు తెడ్డు వేసి అలసి, భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఆ చెమటను, తడబాటును చూసి గైడు బడలిక అనుకుంటాడు. జబ్బు సంగతి తెలిస్తే, స్పృహ ఉండగానే గ్లూకోజు తాగిస్తాడు. రక్తాన్ని పలుచబరిచే మాత్రలు వాడేవారికి తలకు తగిలిన చిన్న దెబ్బయినా ప్రమాదమే. అక్కడ ఆసుపత్రి పక్క వీధిలో ఉండదు.

పాఠకులారా, ముందుగా మీ వైద్యుని సంప్రదించండి. మందులను నీరు చొరని రెండు సంచులలో వేరువేరుగా ఉంచండి. లైఫ్ జాకెట్ బిగించుకోండి. నీటిలో పడితే నిలబడబోకండి, రాళ్ళ మధ్య కాలు చిక్కుకుంటుంది. వెల్లకిలా తేలుతూ పాదాలను ప్రవాహం వైపు ఉంచండి.

వెళ్ళవద్దని నేననను, దాచి వెళ్ళవద్దంటాను. మిత్రుడు గుండె పరీక్షలకు ఒప్పుకున్నారు. ఫలితం చూశాకే ఫారం నింపుతారట.