సైకిల్ మారితే మీటరు లెక్కా మారాలి

“సార్, నా గుండె వీక్ అయిపోయిందా? ఒక్కసారి స్కానింగ్ రాయండి” అంటూ ఈమధ్య మా ఓపీకి ఒకాయన వచ్చారు. వయసు 54. బ్యాంకు ఉద్యోగి. పదేళ్లుగా షుగరు, ఐదేళ్లుగా బీపీ. రెండూ అదుపులోనే ఉన్నాయి. రోజూ పొద్దున్నే 20 కిలోమీటర్లు సైకిల్ తొక్కుతారు. చెప్పిన మాట వినే పేషెంటు, అలాంటివాళ్లు మాకు తక్కువే. భయమెందుకని అడిగితే జేబులోంచి అగ్గిపెట్టెంత సైకిల్ మీటరు తీసి నా బల్ల మీద పెట్టారు. రెండు నెలల కిందటి దాకా గంటకు 18 కిలోమీటర్ల సగటు వచ్చేదట. ఇప్పుడు అంతే కష్టపడినా 15 దాటడం లేదట.

గుచ్చిగుచ్చి అడిగితే సంగతి బయటపడింది. కొడుకు చదువు కోసం బెంగళూరు వెళ్తూ తన లావు టైర్ల గేర్ సైకిల్‌ను ఇంట్లో వదిలి వెళ్లాడు. ఊరికే తుప్పు పట్టడం ఎందుకని ఈయన దాన్ని తీశారు. పాత సైకిల్‌కున్న మీటరు, అయస్కాంతం విప్పి దీనికి బిగించారు. సెట్టింగ్ మాత్రం ముట్టుకోలేదు.

నిజానికి ఈ మీటరుకు దూరం అంటే ఏమిటో తెలియదు. చక్రం చువ్వకు ఉన్న అయస్కాంతం ఫోర్కు మీది సెన్సరు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కపెడుతుంది. ఆ సంఖ్యను మనం ఇచ్చిన చక్రం చుట్టుకొలతతో గుణిస్తుంది. అంతే. ఆయన పాత సైకిల్ చక్రం 26 అంగుళాలు, టైరు 1.95. చుట్టుకొలత సుమారు 2050 మి.మీ. కొడుకుది 29 అంగుళాల చక్రం, 2.1 టైరు. అది సుమారు 2288 మి.మీ. అంటే కొత్త సైకిల్ మీద మీటరు 20 కి.మీ. చూపేసరికి ఆయన నిజంగా 22 కి.మీ. దాటేసి ఉంటారు. 18 వేగం కనిపించాలంటే 20 వేగంతో తొక్కాలి. అదీ గుబ్బలున్న లావు టైర్ల మీద.

నవ్వుకుని వదిలేసే విషయమే అయ్యేది. కానీ పాత అంకె తిరిగి తెచ్చుకోవాలని ఆయన పంతం పట్టారు. పొద్దున్నే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని, తిరిగొచ్చాక టిఫిన్ తినొచ్చులే అనుకుని బయల్దేరేవారు. ఒకరోజు దారిలో ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు, కళ్లు బైర్లు. టీ కొట్టు దగ్గర కూలబడితే అక్కడివాళ్లే చక్కెర ఎక్కువేసి టీ తాగించారు. ఇంటికి చేరి చూసుకుంటే, టీ తాగాక కూడా షుగరు 78 ఉంది. ఆయన దాన్ని గుండె బలహీనత అనుకున్నారు. షుగరున్నవారిలో గుండె జబ్బు నొప్పి లేకుండానూ రావచ్చు కాబట్టి ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు చేయించాను. ఏ తేడా లేదు.

మరి సైకిల్‌కో మీటరు కొనాలా? అక్కర్లేదు. ఇంట్లో రెండు మూడు సైకిళ్లున్నా ఒక్కటి చాలు. చాలా మోడళ్లకు రెండో సైకిల్ కోసం బ్రాకెట్, సెన్సరు విడిగా దొరుకుతాయి. కొన్నింటిలో రెండు టైర్ల కొలతలు పెట్టుకుని, బటన్ నొక్కి మార్చుకోవచ్చు. ఆ సదుపాయం లేకపోతే ప్రతిసారీ కొలత మార్చాలి. విసుగనిపిస్తే నిమిషాలు మాత్రమే రాసుకుని కిలోమీటర్లను వదిలేయండి. జీపీఎస్ ఉన్నవి సెన్సరు లేకుండా వాడితే చక్రంతో పనే లేదు, దూరాన్ని ఉపగ్రహాల నుంచి తీసుకుంటాయి.

చుట్టుకొలత కోసం పట్టికలు వెతకడం కన్నా ఇంట్లోనే కొలుచుకోవడం మేలు. గాలి సరిగా కొట్టి, ముందు చక్రం వాల్వు నేలకు దగ్గరగా ఉండేలా నిలబెట్టి, అక్కడ సుద్దముక్కతో గీత పెట్టండి. మీరు సీటు మీద కూర్చుని, ఒకరు పట్టుకుంటుంటే, వాల్వు మళ్లీ కిందికి వచ్చేదాకా తిన్నగా ముందుకు జరగండి. అక్కడ ఇంకో గీత. మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలవండి. ఒక చీటీ మీద రాసి సీటు కింద అంటించేయండి. పిల్లలకు సరదాగానూ ఉంటుంది.

ఇక వైద్యుడిగా నా అభిప్రాయం. కిలోమీటర్లు సైకిల్‌వి, నిమిషాలు మనిషివి. గొలుసు ఎప్పుడు మార్చాలి, టైరు ఎంత అరిగింది అన్నవి తెలియాలంటే ఏ సైకిల్ దూరం ఆ సైకిల్‌కు విడిగా ఉండాలి. ఒంటికి మాత్రం అన్ని సైకిళ్ల నిమిషాలూ ఒకే ఖాతా. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మధ్యస్థం అంటే తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఈ పరీక్షకు ఏ సైకిలైనా ఒకటే. ఛాతీకి కట్టుకునే పట్టీ చూపే గుండె వేగం కూడా మనిషిదే కాబట్టి సైకిల్ మారినా సెట్టింగ్ మార్చక్కర్లేదు. అయితే మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడేవారిలో మందు వల్ల గుండె వేగం పెద్దగా పెరగదు. ‘220లోంచి వయసు తీసేయడం’ అనే లెక్క వారికి పనికిరాదు.

అలాగని వేగాన్ని పూర్తిగా పట్టించుకోవద్దని అనను. నాతో పనిచేసే ఒక మేడమ్ రెండు సైకిళ్లు వాడుతూ, అన్ని రైడ్లనూ కలిపి సగటు చూసుకునేవారు. ఆయాసంగా ఉందని ఒకసారి అంటే, సైకిల్ వారీగా విడదీసి చూద్దామన్నాను. ఒకే సైకిల్, ఒకే దారి, అయినా మూడు నెలలుగా వేగం తగ్గుతూ వస్తోంది. ఈమధ్య తేలిక సైకిలే ఎక్కువ తీయడంతో కలిపిన సగటులో అది కనబడలేదు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 7.8. నెలసరిలో అధిక రక్తస్రావాన్ని ఆవిడ ‘ఈ వయసులో మామూలే’ అనుకున్నారు. సైకిల్ మారలేదు, దారి మారలేదు, గాలి నిండుగానే ఉంది, అయినా కొన్ని వారాలుగా వేగం పడిపోతోందంటే డాక్టర్‌కు చూపించుకోవాల్సిందే. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, మామూలు దారిలోనే కొత్తగా ఆయాసం ఉంటే వారాల దాకా ఆగొద్దు.

ఇంకో చిక్కు ఉంది. ఇంటిల్లిపాదీ ఒకే మీటరు పంచుకుంటే, బరువు, వయసు మాత్రం నాన్నవే ఉంటాయి. అది 82 కిలోల మనిషి లెక్కలో చూపే కేలరీలను నమ్మి 55 కిలోల అమ్మ ఇంకో గారె తింటే తప్పెవరిది? నన్నడిగితే ఆ కేలరీల అంకెను అసలు చూడకపోవడమే మంచిది. పేరు సరిగ్గా పెట్టినా అది అంచనాయే.

ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు బయల్దేరే ముందు షుగరు చూసుకోండి. 100 లోపు ఉంటే ఏదైనా తిని కాసేపు ఆగండి. జేబులో గ్లూకోజ్ పొడి గానీ నాలుగు చక్కెర పలుకులు గానీ ఉండాలి. మాత్ర వేళ, మోతాదు మీ డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోవాలే తప్ప సొంతంగా కాదు.

బ్యాంకు ఆయనకు గ్లిమిపిరైడ్ తగ్గించి, టిఫిన్‌కు ముందు వేసుకునేలా రైడ్ తర్వాతికి జరిపాను. మొన్న మళ్లీ వచ్చారు. మీటరు తేలేదు, రెండు సైకిళ్లకూ చెరో పేజీ ఉన్న నోట్‌బుక్ తెచ్చారు. లావు టైర్ల సైకిల్ మీద సగటు 16.5. “ఇది తక్కువేం కాదుగా సార్?” అని మాత్రం అడగకుండా ఉండలేకపోయారు.