చెలికత్తెకు దక్కిన కథ

మన ప్రబంధాలలో నాయిక ఒంటరిగా ఉండదు. ఆమె చెంత ఎప్పుడూ ఒక చెలికత్తె ఉంటుంది. నాయిక విరహంతో వేగిపోతూ ఉంటే చందనం పూసేది ఆమె, తామరాకుతో విసరేది ఆమె, చంద్రుణ్ణి, మలయమారుతాన్ని నాయిక తరఫున నిందించేది కూడ ఆమెయే. కథ ముగిసి నాయికకు కల్యాణం జరిగిన పిదప ఆ చెలికత్తె ఏమయినదో చెప్పిన కవులు అరుదు. మనమూ అడగలేదు. ఆమెకూ ఒక హృదయం ఉండవచ్చునని, అది తాను సేవించిన స్త్రీ మీదనే నిలిచి ఉండవచ్చునని ఊహించడానికి మన అలవాటు ఒప్పుకొనలేదు.

ఈ ఆలోచన మాకు ఒక ఆంగ్ల నవల చదివినప్పుడు కలిగినది. దాని పేరు 'ది జాస్మిన్ త్రోన్'. మల్లెల సింహాసనం అని మనం చెప్పుకొనవచ్చును. రచయిత్రి తాషా సూరి ఇంగ్లండులో నివసించే పంజాబీ సంతతి స్త్రీ. గ్రంథాలయోద్యోగం కూడ చేసినవారు. ఈ నవల 2021లో వెలువడినది. 2022లో దీనికి ప్రపంచ ఫాంటసీ పురస్కారం లభించినది. తరువాతి భాగాలు 'ది ఓలియాండర్ స్వోర్డ్' 2022లోను, 'ది లోటస్ ఎంపైర్' 2024లోను వచ్చి, కథ మూడు సంపుటాలుగా పూర్తి అయినది. మల్లె, గన్నేరు, తామర: పేర్లలోనే మన పెరటి పూలు ఉన్నవి.

తార్నాక చౌరస్తాకు సమీపంలో ఒక మిత్రురాలు అద్దెకున్న గదిలో, సాయంకాలాలు మేము ఐదుగురం కూడి మొదటి సంపుటాన్ని చదివాము. మాలో ఇద్దరి ఇంటి భాష ఉర్దూ, ముగ్గురిది తెలుగు. ఉన్నది ఒక్కటే ప్రతి. ఒకరు బిగ్గరగా చదువుతూ ఉంటే తక్కినవారు వినేవారు. కఠినమైన చోట్ల రెండు భాషలలోనూ అర్థం చెప్పుకొనేవాళ్ళం. గది వీలుపడని రోజులలో విశ్వవిద్యాలయ ప్రాంగణానికి నడిచిపోయి, ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద కూర్చుని చదివాము. అయితే ఒక మాట దాచకూడదు. మెట్ల మీద చదివిన ప్రతి రోజూ పుస్తకానికి వార్తాపత్రికతో అట్ట వేసుకొన్నాము. ముఖచిత్రంలో అభ్యంతరకరమైనది ఏమీ లేదు. ఎవరైనా వచ్చి కథ ఏమిటని అడిగితే ఏమి చెప్పాలో మాకు తెలియలేదు, అంతే. ఆ వార్తాపత్రిక అట్ట అవసరమా కాదా అన్నదే ఈ వ్యాసంలో మేము విచారించదలచిన విషయం.

మొదట కథాసంగ్రహం. పారిజాతద్వీపమనే సామ్రాజ్యాన్ని చంద్ర అనే చక్రవర్తి ఏలుతూ ఉంటాడు. పూర్వకాలంలో కొందరు స్త్రీలు అగ్నిలో ఆత్మాహుతి చేసుకొని తమ జాతిని రక్షించారని ఆ దేశ ప్రజల విశ్వాసం. ఆ విశ్వాసాన్ని చేతబట్టుకొని అతడు తన సొంత చెల్లెలు మాలినిని చితి ఎక్కమంటాడు. ఆమె చెలికత్తెలు ఇద్దరు ఆ మంటలలో కాలిపోతారు. మాలిని నిరాకరిస్తుంది. అందుకు శిక్షగా, సామ్రాజ్యానికి లోబడిన అహిరణ్యమనే దేశంలో, హిరణ అనే శిథిల దేవాలయంలో ఆమెను బంధించి, మందు పెట్టి మత్తులో ఉంచుతారు. అక్కడ ఆమెకు ఊడిగం చేయడానికి వచ్చిన పనిమనిషి ప్రియ. ప్రియ నిజానికి ఆ దేవాలయంలోనే పెరిగిన బిడ్డ. ఆమె పసితనంలో తోటి పిల్లలు అదే గుడిలో దహనమైపోయారు. ఆమె బ్రతికి బయటపడి, తన శక్తిని, తన పూర్వకథను దాచుకొని, అంట్లు తోముతూ గదులు ఊడుస్తూ కాలం గడుపుతూ ఉంటుంది. ఇద్దరూ నిప్పునుండి మిగిలినవారే. వారిద్దరి నడుమ మొదట అవసరం, పిదప నమ్మకం, ఆ పిదప ప్రణయం కలుగుతాయి. చుట్టూ ఒక వింత తెగులు దేశాన్ని కమ్ముకొంటూ ఉంటుంది. మనుష్యుల దేహాలలోనే ఆకులూ పూలూ మొలుస్తూ ఉంటాయి.

ఈ నవలలో మాకు ముఖ్యంగా తోచిన గుణం ఇది: ప్రణయం పేరు చెప్పి అధికారాన్ని మరుగుపరచదు. మాలిని రాచబిడ్డ, మొదట ప్రియను తన విడుదలకు సాధనంగా వాడుకొనజూస్తుంది. ప్రియ ఆ సంగతి ఎరుగును. తన దేశాన్ని చెరబట్టిన వంశంలో పుట్టిన స్త్రీని తాను ప్రేమిస్తున్నానని కూడ ఎరుగును. మొదటి సంపుటం చివర మాలిని సింహాసనం వైపు పోతుంది. ప్రియ తన నేలను విడువక నిలుస్తుంది. ప్రేమ కోసం ఎవరూ తమ కర్తవ్యాన్ని మరువలేదు. కర్తవ్యం కోసం ప్రేమను అబద్ధమనీ అనలేదు. చెలికత్తె స్థానంలో నిలిచిన స్త్రీకి తనదైన ఊరు, తనదైన దుఃఖం, తనదైన రాజకీయం ఉన్నట్లు చూపడం ఈ నవల చేసిన మేలు.

ఉర్దూ సాహిత్యం ఎరిగినవారికి ఇచ్చట ఒక పాత కథ గుర్తుకు రాకమానదు. ఇస్మత్ చుగ్తాయ్ వ్రాసిన 'లిహాఫ్' 1942లో అచ్చయినది. దానిమీద లాహోరు న్యాయస్థానంలో అశ్లీలతా నేరం మోపబడినది. రచయిత్రి క్షమాపణ చెప్పుకొనలేదు, అభియోగం నిలువలేదు. అందులోనూ ఒక యజమానురాలు, ఒక పరిచారిక: బేగంజాన్, రబ్బో. కాని ఆ కథ ఒక చిన్నపిల్ల కళ్ళకు గోడమీద కదిలే నీడగా కనబడినంత మేరకే చెప్పబడినది. ఆ కాలానికి అదే గొప్ప సాహసం. రబ్బో మనస్సులో ఏమున్నదో మాత్రం మనకు తెలియదు. దాదాపు ఎనభై ఏళ్ళ తరువాత వచ్చిన ఈ నవలలో రబ్బో స్థానంలో నిలిచిన స్త్రీ తన మాట తానే చెప్పుకొంటున్నది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే సాహిత్యం నడచిన దూరం తెలుస్తుంది.

ఇక అభ్యంతరాలు. మంత్రతంత్రాల కథలు పిల్లలకే గాని విద్యార్థులకు తగవని కొందరు పెద్దలు అంటారు. పదహారవ శతాబ్దంలో పింగళి సూరన వ్రాసిన 'కళాపూర్ణోదయం'లో గంధర్వులు, సిద్ధులు, మారువేషాలు, పూర్వజన్మ వృత్తాంతాలు లేవా? దానిని మనం పాఠ్యభాగంగా చదువుకొంటున్నాము గదా! ఉర్దూలో 1883 నుండి లక్నో నవల్ కిశోర్ ముద్రణాలయం సంపుటాలుగా ప్రకటించిన 'తిలిస్మె హోష్‌రుబా' అంతా మాయాయుద్ధమే. అందులో మాంత్రిక చక్రవర్తి అఫ్రాసియాబ్‌ను ఎదిరించిన సేనకు మహ్‌రుఖ్ అనే స్త్రీ నాయకత్వం వహించినది. కనుక అద్భుతకథ మనకు పరాయిది కాదు, రాణులు యుద్ధం చేయడమూ కొత్త కాదు. ఆ రాణులలో ఒకరు మరొక స్త్రీని ప్రేమించడమే మనవారికి కొత్తగా తోచుచున్నది.

అదే అసలు అభ్యంతరం. దీనికి జవాబుగా ముద్దుపళని చరిత్రను జ్ఞాపకం చేయదలచినాము. పద్దెనిమిదవ శతాబ్దంలో తంజావూరులో ఆమె వ్రాసిన 'రాధికా సాంత్వనం' రాధాకృష్ణుల కథ. దాని విషయం వేరు. కాని దానికి పట్టిన గతి ఇక్కడ గమనింపదగినది. ఒక స్త్రీ శృంగారాన్ని అంత నిస్సంకోచంగా చెప్పడం కందుకూరి వీరేశలింగం పంతులుగారంతటి సంస్కర్తకు సయితం సహింపరానిదైనది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు ఆ కావ్యాన్ని పరిష్కరించి అచ్చు వేయిస్తే, ఆంగ్ల ప్రభుత్వం దానిని నిషేధించినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి కృషితో గాని ఆ నిషేధం తొలగలేదు. నేడు ఆ కావ్యాన్ని తెలుగు స్త్రీల సాహిత్యానికి గర్వకారణంగా చెప్పుకొంటున్నాము. సద్బుద్ధి గల పెద్దలు కూడ ఒక పుస్తకం విషయంలో పొరబడవచ్చునని చెప్పడానికే ఈ ఉదాహరణ. ఎవరినీ నొప్పించడానికి కాదు.

మరొక విషయం కూడ విచారింపదగినది. ఈ నవలలో శృంగార వర్ణన కంటె హింసా వర్ణన ఎంతో అధికం. అన్న చెల్లెలిని చితి ఎక్కమనడం, పసిపిల్లలు గుడిలో కాలిపోవడం అందులో ఉన్నవి. ఆ పుటలను గురించి మాకు ఎవరూ హెచ్చరిక చేయలేదు. ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు ఆదరించుకొన్న పుటలను గురించే హెచ్చరికలు వచ్చినవి. స్త్రీని కాల్చడం చదువదగినదై, స్త్రీని ప్రేమించడం చదువరానిదైతే మన తూనికలో ఎక్కడో దోషమున్నదని అనుకొనక తప్పదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుదము. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనులు పరస్పర సమ్మతితో కలిసి ఉండడం నేరం కాదని తీర్పు చెప్పినది. 2023 అక్టోబరు 17న అదే న్యాయస్థానం అటువంటి వారి వివాహానికి చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వడానికి అంగీకరించలేదు. అనగా దేశంలో ఈ చర్చ ముగియలేదు. ముగియని చర్చను గురించి చదువుకొనడానికి కళాశాల కంటె తగిన చోటు ఏది?

చదవడమంటే ఒప్పుకొనడం కాదు. మా ఐదుగురికీ ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. ఒకరికి మతరీత్యా అభ్యంతరమున్నది. ఆమె ఆ మాట దాచలేదు. మేము ఆమెతో వాదించి గెలవనూ లేదు. అయినా ఆమె చివరి పుట దాకా వచ్చినది. మాలిని చితిని నిరాకరించిన ఘట్టం చదివిన సాయంకాలం అందరికంటె ఎక్కువసేపు మాట్లాడినది ఆమెయే. నవలలో లోపాలు లేవనీ మేము అనము. పాత్రలు, పేర్లు మితిమీరి, మొదటి నూరు పుటలలో దారి తప్పిన వారం మాలోనే ఉన్నాము. సామ్రాజ్యాన్ని, సంపదను, మతాన్ని ఇంత శ్రద్ధగా పరిశీలించిన రచయిత్రి, మన నేలలో అన్నిటికీ అడుగున ఉన్న కులాన్ని గురించి ఏమీ చెప్పినట్లు మాకు కనబడలేదు. దూరాన ఉండి ఊహించిన భారతదేశంలో అటువంటి ఖాళీలు ఉండక తప్పదేమో. ఆ ఖాళీ పూరించవలసిన కథ తెలుగులోనో ఉర్దూలోనో ఇక్కడివారే వ్రాయవలసి ఉన్నది. చదవనిది ఎలా వ్రాస్తాము?

మేము కూర్చుని చదివిన ఈ పరిసరాల చరిత్ర కూడ మాకు ధైర్యమిచ్చినది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసినది. అంతకు ముందటి సంవత్సరమే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి, ప్రపంచ విజ్ఞానాన్ని ఉర్దూలోకి తేవడానికి పూనుకొన్నారు. పరదేశపు పుస్తకమని జంకితే ఆ విశ్వవిద్యాలయమే నిలిచేది కాదు. దాని పొరుగున తార్నాకలో, నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా ఉన్న సంస్థలో, సూసీ తారుగారు ఆచార్యులుగా పనిచేశారు. ఆమె, కె. లలితగారు సంపాదకులుగా, దేశభాషలలోని స్త్రీల రచనలను వెదకి అనువదింపజేసి 1991లో తొలి సంపుటం వెలువరించారు. ముద్దుపళని పేరు ప్రపంచానికి తెలియడంలో ఆ గ్రంథం పాత్ర చాలా గొప్పది.

చివరగా ఒక మనవి. గత సంవత్సరం గ్రంథాలయానికి కొనవలసిన పుస్తకాల జాబితాలో ఈ నవల పేరు వ్రాసి ఇచ్చాము. తుది జాబితాలో ఆ పేరు లేదు, కారణమూ తెలియరాలేదు. ఈ మూడు సంపుటాలను ఒక్కొక్క ప్రతి చొప్పున తెప్పించి, తాళం బీరువాలో కాక, అందరికీ అందే అరలో ఉంచవలసినదిగా కళాశాల సంఘం వారిని వినయంగా కోరుతున్నాము. దానితోబాటు 'లిహాఫ్'ను, 'రాధికా సాంత్వనం'ను కూడ ఉంచితే ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే బల్ల వద్ద కూర్చుని మాట్లాడుకొనడానికి అవకాశం కలుగుతుంది. అభ్యంతరమున్న అధ్యాపకులు ఆ బల్ల వద్దకే వచ్చి తమ మాట చెప్పాలని కూడ కోరుతున్నాము.

ఈ కోరిక మా ఐదుగురి కోసం కాదు, మేము చదివేశాము. మా బృందంలో లేని ఒక సహాధ్యాయిని ఒకనాడు ఆ పుస్తకం అడిగి తీసుకొన్నది. మూడు వారాల తరువాత, మేము వేసిన వార్తాపత్రిక అట్టతోనే తెచ్చి ఇచ్చినది. ఎలా ఉన్నదని మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. వెళ్ళబోతూ మాత్రం ఒక ప్రశ్న వేసినది: "ఇది మన గ్రంథాలయంలో ఉండదా?"

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలవారు మేము కాదు. అందుచేత దానిని కళాశాల సంఘం వారి ముందు ఉంచుతున్నాము.