నలుగురు పిల్లలు - ఒక బంతి

ఉద్యోగికి బదిలీ ఉత్తర్వు ఒక కాగితం మాత్రమే. ఇంట్లోని పసివాడికి అది బడిని, స్నేహితులను, చుట్టూ వినిపించే మాతృభాషను ఒక్కసారిగా విడిచిపెట్టవలసిన ఘట్టం. విశాఖపట్నం నుండి కోల్‌కతాలోని భవానీపూర్‌కు వచ్చిన తొలి రోజులలో మా పదేళ్ళ అబ్బాయి సాయంత్రమంతా వరండాలో నిలబడి వీధిని చూస్తూ ఉండిపోయేవాడు. క్రిందికి వెళ్ళి ఆడుకోమంటే, "వాళ్ళ మాట నాకు రాదు నాన్నా" అనేవాడు.

ఒక వానపూట పై అంతస్తులోని బెంగాలీ కుటుంబం వారు వాడిని ఆటకు పిలిచారు. అప్పటికే అక్కడ ఒక గుజరాతీ బాలుడు, ఒక పంజాబీ బాలుడు ఉన్నారు. భవానీపూర్‌లో ఇది వింత కాదు. ఈ పేటలో అన్ని ప్రాంతాల వారూ స్థిరపడి ఉన్నారు. పిల్లలు టీవీ ముందు కూర్చుని ఆడుతున్నది 'మారియో స్ట్రైకర్స్: బ్యాటిల్ లీగ్' అనే ఫుట్‌బాల్ ఆట. జపానుకు చెందిన నింటెండో సంస్థ 2022లో దీనిని విడుదల చేసింది. వీడియో ఆటలంటే నాకు సదభిప్రాయం లేదు. అనుమానంతోనే నేనూ ఒక మూల కూర్చున్నాను.

ఆటగాళ్ళందరూ కార్టూన్ పాత్రలే. జట్టుకు నలుగురు, వారికి తోడు ఒక గోల్‌కీపర్. గోల్‌కీపర్‌ను మాత్రం యంత్రమే నడుపుతుంది. ఒకే తెర ముందు ఎనిమిది మంది వరకు ఆడవచ్చు. బౌజర్ మహాబలుడు, కాని మందగమనుడు. టోడ్ అల్పప్రాణి, కాని వేగం మెండు. ఆటగాడికి కవచం తొడిగితే ఒక గుణం పెరిగి మరొకటి తగ్గుతుంది. అన్నీ ఉన్నవాడు ఎవడూ లేడు కనుక బంతిని తోటివాడికి అందించక తప్పదు.

నలుగురూ ఒకే జట్టుగా యంత్రంతో తలపడ్డారు. మావాడు బౌజర్‌ను ఎన్నుకుని, బంతిని ఎవరికీ ఇవ్వక, మొదటి ఆట ఓడగొట్టాడు. పక్కనున్న బెంగాలీ పిల్లవాడు "పాస్ దే!" అని అరిచాడు. మావాడికి అర్థమైంది, బంతి ఇచ్చాడు, గోల్ పడింది. వాడు నేర్చిన తొలి బెంగాలీ పాఠం అదే. వారం తిరిగేసరికి "ఏబార్ ఆమార్ పాలా", అంటే 'ఇప్పుడు నా వంతు' అని దబాయించడం కూడా వచ్చింది.

ఇదే ఆటను ఇంటర్నెట్ ద్వారా ఒంటరిగా గదిలో కూర్చుని కూడా ఆడవచ్చు. అలా ఆడి ఉంటే చేతివేళ్ళకు నేర్పు వచ్చేదేమో కాని, భుజం తట్టే స్నేహితుడు దొరికేవాడు కాదు. పైగా కొద్దిరోజులలోనే వాడు ఆట వదిలి భోజనానికి రావడం మానివేశాడు. అందుచేత తల్లులందరూ కలిసి ఒక నియమం పెట్టారు: టీవీ ముందు అరగంట, ఆ తరువాత హరీష్ పార్కులో అసలు బంతితో అరగంట.

1910లో వెలసిన భవానీపూర్ క్లబ్బు గల పేట ఇది. ఇక్కడ ఫుట్‌బాల్ ఆడని పిల్లవాడు అరుదు. పార్కులో గోల్‌కీపర్‌ను నడిపే యంత్రం లేదు కనుక ఆ బాధ్యత ఆనవాయితీగా కొత్తవాడి మీద పడింది. మోకాళ్ళు చెక్కుకుపోయి ఇంటికి వచ్చిన మావాడు ఆ రాత్రి విశాఖ మాట ఎత్తలేదు.

బదిలీపై కొత్త ఊరు చేరే సహోద్యోగులకు నా మనవి ఒక్కటే. సామాను సర్దుకోవడం ముగిసేలోగా మీ పిల్లవాడికి పక్కింటి తలుపు ఒకటి చూపించండి. బంతి తెర మీదిదైనా సరే, పక్కన మరొక పిల్లవాడు ఉండాలి.