కంప్యూటరు మాటిమాటికి ఆగిపోవుచున్నదా?

పిల్లల చదువు కొరకు కొన్న కంప్యూటరు పని మధ్యలో ఆగి, తెర అంతా నీలముగా మారి, ఏదో ఇంగ్లీషు సందేశము వచ్చుట అనేక గృహములలో జరుగుచున్నది. 2025 నుండి విండోస్ 11లో ఆ తెర నల్లగా వచ్చుచున్నది. ఒకసారి వచ్చి పోతే కలవరపడనక్కరలేదు. మరల మరల వచ్చుచుంటే మాత్రము అశ్రద్ధ చేయరాదు.

దుకాణమునకు తీసికొని వెళ్లగానే తరచుగా వినబడే మాట "ఫార్మాట్ చేయాలి" అని. ఫార్మాట్ అనగా డిస్కులో ఉన్నదంతా తుడిచివేసి, విండోస్‌ను క్రొత్తగా ఎక్కించుట. పిల్లల సర్టిఫికెట్లు, పొలము కాగితముల నకళ్లు, మన మధ్య లేని పెద్దల ఫోటోలు దానితో పోతాయి. పైగా దోషము ర్యాములో ఉంటే, ఫార్మాట్ తరువాత కూడ అదే తెర తిరిగి వస్తుంది.

కనుక మొదటి పని, కంప్యూటరు ఇంకా తెరచుకొనుచుండగానే ముఖ్యమైన ఫైళ్లను పెన్ డ్రైవులోనికి ఎక్కించుకొనండి. తెరచుకొనకపోతే, డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలించి ఫైళ్లు తీసి ఇమ్మని దుకాణములో అడగండి.

రెండవది, తెర అడుగున "స్టాప్ కోడ్" అని కొన్ని మాటలుంటాయి. దానిని ఫోనుతో ఫోటో తీయండి. ఏ తేదీన, ఏ పని చేయుచుండగా వచ్చినదో నోటుపుస్తకములో వ్రాయండి. "మెమరీ మేనేజ్‌మెంట్" అని పదేపదే వస్తే ముందుగా ర్యామును అనుమానించవలెను. "అన్‌మౌంటబుల్ బూట్ వాల్యూమ్" అని వస్తే డిస్కును చూడవలెను. గంటసేపు నడిచిన తరువాతనే ఆగుచుంటే, ఫ్యానులో దుమ్ము పేరుకొని వేడెక్కుచుండవచ్చును. కరెంటు హెచ్చుతగ్గులైనప్పుడే వస్తే యు.పి.ఎస్. సంగతి చూడండి.

మూడవది, ఒక్కొక్కటిగా సరిచూడండి. ప్లగ్గు పూర్తిగా తీసివేసి, డబ్బా తెరచి, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపండి. ర్యామును తీసి మరల గట్టిగా కూర్చండి. స్టార్ట్ మెనూలో "విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్" అని వెదికితే, ర్యామును పరీక్షించే సాధనము ఉచితముగానే దొరుకుతుంది. ఒక మార్పు చేసి రెండు మూడు దినములు చూచి, తరువాతనే మరియొకటి చేయండి. అన్నీ ఒకేసారి మార్చితే దోషమెక్కడో తెలియదు, ఖర్చు మాత్రము మిగులుతుంది.

కొన్నిసార్లు యంత్రములో దోషమే ఉండదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వలన ప్రపంచమంతట సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయినవి. విమానములు కూడ నిలిచిపోయినవి. వాటిలో అనేకము సేఫ్ మోడులో తెరచి ఆ ఒక్క ఫైలును తొలగించగానే మరల నడిచినవి. మీ యింట కూడ ఏదైన క్రొత్త ప్రోగ్రాము వేసిన తరువాతనే బాధ మొదలైతే, సేఫ్ మోడులో దానిని తీసివేసి చూడండి.

అప్పటికీ బాగుకాకపోతే దుకాణమునకు వెళ్లండి. నోటుపుస్తకము వెంట ఉండవలెను. ఫార్మాట్ అను మాట వస్తే, "ర్యామును, డిస్కును పరీక్షించారా? మా ఫైళ్లు ముందు తీసిపెట్టారా?" అని అడుగుటకు మొగమాటపడకండి. విండోస్‌ను మరల ఎక్కించవచ్చును గాని, పోయిన తాతగారి ఫోటోను మరల తీయలేము.