పర్యావరణం: మోడు చిగురించాలంటే

ప్రతి సంవత్సరం జూలై మాసంలో మన కర్మాగార ప్రాంగణాలలోను, కాలనీలలోను వనమహోత్సవం జరుపుకుంటున్నాము. 1950లో కె.ఎం. మున్షీ ప్రారంభించిన ఈ సంప్రదాయం ఎంతో మెచ్చదగినది. అయితే మనం నాటిన మొక్కకు కంచె ఉంటుంది. నీరు పోసే మనిషి ఉంటాడు. ఈ రెండూ లేని మెట్ట చేలలో చెట్టును కాపాడేది ఎవరు? ఈ ప్రశ్నకు ఆఫ్రికాలోని నైజర్ దేశపు రైతులు చక్కని సమాధానం చెప్పారు.

సహారా ఎడారి అంచున ఉన్న ఆ దేశంలో ప్రధాన పంటలు మన మెట్ట రైతుకు సుపరిచితమైన సజ్జ, జొన్నలే. వలసపాలన నాటి చట్టం అక్కడి చెట్లను ప్రభుత్వ ఆస్తిగా పరిగణించింది. అనుమతి లేనిదే తన చేలోని చెట్టును నరికిన రైతు జరిమానాకు గురి కావలసి వచ్చేది. తనది కాని చెట్టును ఎవరు పెంచుతారు? చెట్లు కరవైన చేలలో ఇసుక గాలి లేత పైరును కప్పివేసేది. నాటించిన మొక్కలలో అధిక భాగం ఎండకు, మేకలకు బలి అయ్యేవి.

1983లో మరాడీ ప్రాంతంలో పనిచేస్తున్న ఆస్ట్రేలియా దేశీయుడు టోనీ రినాడో ఒక విషయం గమనించాడు. అందరూ పొదలనుకుంటున్నవి నిజానికి నరికిన చెట్ల మోడుల నుండి వచ్చిన పిలకలు. నేల క్రింద వేళ్లు సజీవంగానే ఉన్నాయి! బలమైన కొన్ని పిలకలను ఉంచి, మిగిలినవి కోసి, క్రింది కొమ్మలు కత్తిరిస్తే చాలు. నారుమడి అక్కరలేదు, నీరు పోయనక్కరలేదు.

1984-85 కరవులో పనికి ఆహార పథకం క్రింద రైతులు ఇలా చెట్లు పెంచారు. కరవు తీరగానే చాలామంది వాటిని తిరిగి నరికివేశారు. కూలి కోసం పెంచిన చెట్టు కూలితోనే పోయింది. అటవీ అధికారులు పట్టు సడలించి, పెంచిన చెట్టుపై ఫలం రైతుదేనన్న నమ్మకం కలిగించిన తరువాతనే పరిస్థితి మారింది. వంటచెరకు, పశువుల మేత చేలోనే లభించసాగాయి. 'గావో' అనే వృక్షం వానాకాలంలో ఆకు రాల్చి వానలు లేని కాలంలో చిగురిస్తుంది. కనుక పైరుకు నీడ తగలదు, రాలిన ఆకు ఎరువవుతుంది. 2000 దశకం నాటికి సుమారు 50 లక్షల హెక్టార్లలో 20 కోట్ల చెట్లు పెరిగాయని పరిశోధకులు అంచనా వేశారు.

మన దేశం 2014లో జాతీయ వ్యవసాయ అటవీ విధానాన్ని ప్రకటించింది. రైతు తాను పెంచిన చెట్టును నరకడానికి, తరలించడానికి ఉన్న నిబంధనలను సరళం చేయాలన్నది అందులోని ఒక ఆశయం. చట్టం గొడ్డలిని ఆపగలదు, పిలకను పెంచలేదు. ఆ పని రైతు చేయవలసినదే.

మనలో పలువురికి స్వగ్రామాలలో మెట్ట భూములు ఉన్నాయి. వాటిని కౌలుకు ఇచ్చి ఉద్యోగరీత్యా దూరంగా ఉంటున్నాము. గట్టు మీది వేప, కానుగ, తుమ్మ మోడులను కౌలుదారు చూసే చూపు మన మాట మీద ఆధారపడి ఉంటుంది. ఈసారి సెలవుకు వెళ్లినపుడు కౌలు లెక్కతో పాటు, కాపాడిన చెట్టు కొమ్మలోను, మేతలోను అతనికి వాటా ఎంతో కూడా తేల్చి చెప్పండి. ఆ మోడులు మరుసటి వర్షాలకే చిగురించవచ్చు.