మారు తాళంచెవికి కట్టడి: ఖర్చుకు తగిన భద్రత ఉన్నదా?

తమిళనాడులోని విరుదునగర్ జిల్లా రాజపాళయంలో తెలుగు రాజుల కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఊరి పేరు ధరించిన తెల్లని వేటకుక్కే అక్కడ ఇంటికి కావలి. ఆ జాతి బొమ్మతో తపాలాశాఖ 2005లో బిళ్లను విడుదల చేసింది. అయితే పిల్లలు నగరాలకు తరలి, పెద్దలు నెలల తరబడి వారి వద్ద గడిపే ఇళ్లకు కుక్క కాపలా చాలదు. సరిహద్దు పల్లెల కుటుంబాలదీ ఇదే పరిస్థితి. అందుకే అనుమతి లేనిదే మారుచెవి తీయ వీలుకాని ఖరీదైన తాళాల ప్రస్తావన వస్తున్నది.

ఈ తాళాల విధానం సులభమైనదే. కోయని చెవి దిమ్మెలు బజారులో దొరకవు. తాళంతో ఇచ్చిన కార్డు చూపితేనే అధీకృత విక్రేత మారుచెవి కోసి ఇస్తాడు. ఈ కట్టడికి ఆధారం పేటెంటు హక్కు. మన దేశంలో దాని గడువు 20 సంవత్సరాలు. గడువు తీరిన పిమ్మట ఆ దిమ్మెలను ఎవరైనా తయారు చేయవచ్చు. కనుక పేటెంటు ఇంకా ఎన్నేళ్లున్నదో కొనేముందే అడగాలి. చెవిపై "నకలు తీయరాదు" అని చెక్కినంత మాత్రాన దుకాణదారు చేయి ఆగదు.

చెవితో తెరిచిన దొంగ ఆనవాలు మిగల్చడు. ఇక్కడే అసలు చిక్కు. దురుద్దేశంతో తాళం తెరిచి ఇంట్లో చొరబడటం చట్టం దృష్టిలో గృహభేదనమే. బీమా లెక్క వేరు. బలప్రయోగంతో ప్రవేశించి చేసిన చోరీకే పరిహారమని పాలసీలో ఉన్నప్పుడు, ఆ ఆధారం లేనిదే సొమ్ము రాదని సుప్రీంకోర్టు 2004లో హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ వ్యాజ్యంలో తేల్చింది. మారుచెవి భయం ఉన్నవారు తమ పాలసీలోని ఈ మాటను తప్పక చదువుకోవాలి.

అయితే ఈ తాళం ఎవరికి అవసరం? అద్దెదారులు మారే ఇళ్లకు, పలువురి చేతుల్లో చెవులు తిరిగే గిడ్డంగులకు, దుకాణాలకు ఖర్చు సార్థకమే. రెండే చెవులుండి, రెండూ ఇంటివారి వద్దనే ఉన్న కుటుంబానికి అంత అవసరం లేదు. పనివారు మానినప్పుడు, అద్దెదారు ఖాళీ చేసినప్పుడు తాళం మార్చడం చౌక. కార్డు పోయినా, విక్రేత దూరపట్టణంలో ఉన్నా కట్టడి యజమానికే సంకటమవుతుంది.

పైగా తాళం గట్టిదైనా గొళ్లెం మరలు బయటికి కనిపిస్తుంటే, ద్వారబంధం పుచ్చిపోయి ఉంటే పెట్టిన సొమ్ము వృథా. ముందు వాటిని సరిచేసి, మంచి లివర్ తాళం వేయడం మేలు. మదురైకి ఉత్తరాన ఉన్న దిండిగల్‌లో చేతిపనితో చేసే తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇక బంగారానికి ఇంటి తాళమే దిక్కు కానక్కరలేదు. 2022 జనవరి 1 నుండి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, దొంగతనం వల్ల గానీ సిబ్బంది మోసం వల్ల గానీ లాకరులోని సొత్తు పోతే బ్యాంకు బాధ్యత ఏటి అద్దెకు 100 రెట్లు. అది సొత్తు విలువకు చాలకపోవచ్చు. అయినా ఖాళీ ఇంటి బీరువా కంటే నయం.

కనుక కొత్త తాళం ధర అడిగేముందు, పాత తాళం చెవులు ఎన్ని, ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్కించుకోవాలి. లెక్క తేలితే ఉన్న తాళమే చాలు. తేలకపోతే దానిని వెంటనే మార్చక తప్పదు.