మాంటిచెల్లో: ఇటుకలు కాల్చిన చేతులు



మీ పత్రిక గత సంచికలో వర్జీనియాయందలి మాంటిచెల్లో సౌధమును గూర్చిన వ్యాసము, ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో గ్రంథముల ప్రభావమును, పారిస్ ప్రవాసానంతరము 1796లో దాని యజమానియగు జెఫర్సన్ ప్రారంభించిన పునర్నిర్మాణమును, అష్టభుజాకృతియగు గుమ్మటమును రమ్యముగా వర్ణించినదే గాని, ఆ భవనము సర్వమును ఆయన యొక్కని సృష్టియే యనుట నాకు సమ్మతము గాదు. ఆ ఎస్టేటులోనే మట్టి పిసికి, ఇటుకలు కోసి, ఆవములలో కాల్చిన శ్రామికులలో బానిసలును గలరు. లోపలి వాకిళ్లకు, కిటికీలకు నేటికిని శోభ గూర్చుచున్న సూక్ష్మమైన కొయ్యపనిలో ప్రముఖుడగు జాన్ హెమింగ్స్ సైతము, ఎంతటి నిపుణుడైనను, బానిసయే. నేను ఆ గోడలలో ముందుగా చూచునది వీరి పనితనమునే.

1826లో యజమాని మరణింపగా, ఋణభారము వలన 1827లో బానిసలను వేలము వేసిరి. పిదప సౌధమును విక్రయించిరి. 1834లో దానిని కొని జీర్ణోద్ధరణ గావించిన నౌకాదళాధికారి యురయా లెవీ పేరును వ్యాసమున కానరాదు. వ్యాసకర్త తమ తదుపరి రచనలలో నైనను వీరందరికిని తావొసంగవలెనని మనవి.

— ఒక పాఠకుడు